అడవికి సున్నం

ఆదివారం పొద్దున్నే కాఫీ కప్పు కింద పెట్టి, రిటైరైన సూపరింటెండెంటు గారు భార్యకు తన పథకం వివరించారు. ఆఫీసులో ఉన్నన్నాళ్లూ ఆయనకు 'సున్నం సారు' అని పేరు. పైఅధికారి తనిఖీకి వస్తున్నాడంటే చాలు, ఫైళ్లు ఎలా ఏడ్చినా గోడలు మాత్రం తెల్లగా మెరిసిపోయేవి. ఆ మెరుపులోనే ఆయన సర్వీసంతా ఒక్క మచ్చ లేకుండా గడిచిపోయింది.

ఇప్పుడు తనిఖీ అడవికి. మామగారు ఊరి చివర పెంచి, కూతురికీ కొడుక్కీ ఉమ్మడిగా వదిలివెళ్లిన చిన్న అడవి అది. కూతురికి అదంటే ప్రాణం. కొడుక్కి, అంటే మన సూపరింటెండెంటు బావమరిదికి, అదొక తలనొప్పి. "చూసుకునే ఓపిక ఎవరికుందక్కా? కలప వ్యాపారికి అమ్మేద్దాం" అని ఏడాదిగా నస పెడుతున్నాడు. చివరికి ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. అడవుల పెంపకమే వృత్తిగా ఉన్న ఫారెస్టరు ఒకామెను పిలిపించాలి. ఆమె నిలబెట్టుకోవచ్చంటే ఉంచుకోవాలి, లాభం లేదంటే అమ్మేయాలి. ఆమె వచ్చే ఆదివారం వస్తానంది.

"ఆవిడ వచ్చేసరికి అడవి అద్దంలా ఉండాలి," అన్నారు సూపరింటెండెంటు.

"అడవి అడవిలా ఉంటే చాలదేంటండీ?"

"నీకు తనిఖీల సంగతి తెలీదు. మొదటి చూపులోనే సగం మార్కులు పడిపోతాయి."

"నాన్న అడవి దక్కుతుందంటే మీ ఇష్టం," అంది ఆమె, అనుమానంగానే.

కూలీలను పెట్టి రాలిన ఆకులన్నీ ఊడిపించారు. ఆకులు పోయాక పడిపోయిన పాత మానులు కంటపడ్డాయి. వాటిని లాగించేశాక పొదలు రికార్డు రూములో దుమ్ముకొట్టుకుపోయిన ఫైళ్ల కట్టల్లా కనిపించాయి. పొదలు కొట్టించాక చెట్ల మొదళ్లకు పట్టిన నాచు బయటపడింది. నాచు గీకిస్తే మొదళ్లు మచ్చలు మచ్చలుగా తేలాయి. మచ్చలకు ఆయనకు తెలిసిన మందు ఒక్కటే కాబట్టి సున్నం కలిపించారు.

పొదలు లేకపోయేసరికి పక్కవాళ్ల మేకలకు దారి దొరికింది. అవి తాపీగా వచ్చి లేత మొక్కలన్నీ మేసి, కడుపు నిండాక తడి సున్నానికి ఒళ్లు రుద్దుకుని వెళ్లాయి. నల్ల మేకలను తోలితే చారల మేకలు ఇంటికొచ్చాయని వాటి యజమాని లబోదిబోమంటూ వచ్చాడు.

"మేకలకు సున్నం వెయ్యడమేంటి సార్?"

"నేను వేసింది మేకలకు కాదయ్యా, అడవికి."

అతను ఆయన్ని ఎగాదిగా చూసి, ఇంకేమీ అడక్కుండా నెమ్మదిగా వెనక్కి నడిచి వెళ్లిపోయాడు.

ఇక మిగిలింది పల్లపు మూల. అక్కయ్య పోరు పడలేక దాన్ని శుభ్రం చేసే బాధ్యత బావమరిది తీసుకున్నాడు. రోజూ పొద్దున చాప చంకన పెట్టుకుని వెళ్లి, సాయంత్రానికి వచ్చేవాడు. ఎంతవరకు వచ్చిందోయ్ అని అడిగితే, "అయిపోవచ్చింది బావగారూ," అనేవాడు.

ఆదివారం ఆఖరిసారి చూసుకుందామని వెళ్లిన సూపరింటెండెంటుకు గుండె ఆగినంత పనైంది. పల్లపు మూలలో మాను పడినచోటే ఉంది, పొదలు పెరిగినచోటే ఉన్నాయి, అడుగు మందాన ఆకులున్నాయి. వాటి మధ్య చాప మీద బావమరిది గుర్రుపెడుతున్నాడు. తిడదామని నోరు తెరిచేలోపు గేటు దగ్గర జీపు హారన్ మోగింది.

ఫారెస్టరు మాట్లాడకుండా నడిచే మనిషి. సూపరింటెండెంటే పల్లపు మూలకు వీపు చూపిస్తూ ఇద్దరి మాటలూ మాట్లాడారు. "ఒక్క ఎండుటాకు కనబడితే నన్నడగండి మేడమ్."

"పిట్టలేవండీ?"

"పొదలతో పాటు అవి కూడా ఖాళీ చేశాయి మేడమ్. చెత్త తెచ్చేది అవే కదా."

ఆమె వంగి బూడిదలా ఎండిన మట్టిని గుప్పిట్లోకి తీసుకుని, వదిలేసింది. "నిలబెట్టుకోవడానికి ఇక్కడేమీ మిగల్లేదు సార్. మట్టికి ఆకుల కప్పు లేదు, లేత మొక్క లేదు. ఈ పెద్ద చెట్లు పోతే వీటి తరవాత ఇంకేం రాదు. అమ్ముకుంటామంటే నేను అడ్డుచెప్పను."

వాళ్ల వెనకే వచ్చిన భార్య తన తండ్రి నాటిన చెట్టు మీద చెయ్యి వేసింది. చేతికి సున్నం అంటుకుంది. అది చూసి సూపరింటెండెంటు జేబురుమాలు తీసి, ఇవ్వబోయి ఆగిపోయారు. జన్మలో మొదటిసారి సున్నం ఆయన్ని మోసం చేసింది.

అంతలో పల్లం నుంచి గుర్రుమని చప్పుడు వచ్చింది.

"ఏంటది?" అంది ఫారెస్టరు.

"పక్కవాళ్ల మోటారు మేడమ్." ఆ మాట పూర్తయ్యేలోపే అటునుంచి దగ్గు వినిపించింది.

"మోటారు దగ్గుతుందా?" అంటూ ఆమె అటు నడిచింది.

పల్లపు మూలలో ఆమె మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. పుచ్చిన మాను మీద పుట్టగొడుగులు, దాని పక్కన వరసగా లేచిన మొలకలు, పొదల నిండా పిట్టలు. అడవిలో చోటు పోయిన జీవాలన్నీ బావమరిది పంచన చేరాయి.

"ఈ మూల ఎవరు చూసుకుంటున్నారు?"

నేరం తన మీదికి రాకుండా సూపరింటెండెంటు వేలు చూపించారు. "వీడే మేడమ్. వారమంతా పడుకున్నాడు. ఒక్క ఆకు కదిపితే ఒట్టు."

బావమరిది కళ్లు నులుముకుంటూ లేచాడు. ఫారెస్టరు అతన్ని గౌరవంగా చూసింది. "కదపాలని కూడా అనిపించలేదా?"

"ఎందుకనిపిస్తుంది మేడమ్?"

"ఇలాంటి మనిషి దొరకడం చాలా కష్టమమ్మా," అంది ఆమె సూపరింటెండెంటు భార్యతో. "ఈ మూల నుంచే అడవంతా మళ్లీ లేస్తుంది, ఎవరూ సర్దకుండా ఉంటే. అమ్మకండి. దీన్ని మీ తమ్ముడి చేతిలో పెట్టండి."

బుద్ధెరిగాక ఎవరూ మెచ్చుకోని మనిషి బావమరిది. అతను చొక్కా సర్దుకుని నిటారుగా నిలబడి, "అమ్మడమేంటక్కా? నా ప్రాణం ఉండగానా?" అన్నాడు. అక్కయ్య సున్నం చేత్తోనే కళ్లు తుడుచుకుని, తమ్ముడి వీపు తట్టింది. ఫారెస్టరు పనుల పట్టికలో సూపరింటెండెంటుకు కూడా ఒక పని రాసింది. గేటు దాటకుండా ఉండడం.

మర్నాడు పొద్దున ఆయన చీపురు ఇంట్లోనే వదిలి, ఉత్త చేతులతో వచ్చి, గేటు తీసి, లోపలికి ఒకసారి తొంగిచూసి, నిట్టూర్చి మళ్లీ మూశారు.

"గేటు కొంచెం నెమ్మదిగా వెయ్యండి బావగారూ," అన్నాడు బావమరిది చాప మీద కళ్లు తెరవకుండానే, "డ్యూటీలో ఉన్నాను."