నోరా పతకానికి పన్నెండు గుడ్లు

శనివారం పొద్దున లోరెట్ బుషార్ పెట్టుకున్న పనులు నాలుగే. ఏడింటికి కాఫీ తాగాలి. ఎనిమిదింటికి పతకాన్ని గుడ్డలో చుట్టుకుని బయల్దేరాలి. తొమ్మిదిలోపు రైతుసంఘంవాళ్ల గ్రేంజ్ హాలుకు చేరి పోటీ పుస్తకంలో సంతకం పెట్టాలి. పదకొండింటి ఓటింగులో విన్‌త్రాప్ థేయర్‌ని ఓడించాలి.

వార్డ్‌వెల్ పతకాల క్లబ్బు ఏటా పెట్టే ప్రదర్శనలో తలుపు పక్కన ఒక అద్దాల పెట్టె ఉంటుంది. లోపలికి వచ్చేవాళ్ల కళ్లు మొదట దాని మీదే పడతాయి. మిగతా బల్లల దాకా వెళ్లే ఓపిక చాలామందికి ఉండదు. పదకొండేళ్లుగా ఆ పెట్టెలో ఒకే పతకం తిష్ట వేసింది. మిల్లు పెట్టి యాభై ఏళ్లయిందని 1910లో ఊరి దారం మిల్లు యజమాని తన మొహాన్నే వెండిలో కొట్టించుకుని పంచిన పతకం అది. గడ్డం, కళ్లజోడు, కింద ఎవరికీ అర్థం కాని లాటిన్ ముక్క. ఆ పతకం థేయర్‌ది. థేయర్ క్లబ్బు అధ్యక్షుడు. అధ్యక్షుడి పతకమే తలుపు దగ్గర ఉండాలని ఎక్కడా రాసి లేదు. కానీ అడిగినవాడూ లేడు.

లోరెట్ అడిగింది, ఏ పతకం అక్కడ ఉండాలో ఈ ఏడు ఓటింగు పెట్టించింది. ఫోన్ల కంపెనీలో ముప్పై ఏళ్లు ఆపరేటరుగా చేసిన మనిషి, రెండు సమ్మెల్లో ముందు వరసలో నడిచిన మనిషి. అడగడానికి మొహమాటపడే రకం కాదు. ఆమె చేతిలో ఉన్నది 1912 నాటి కంచు పతకం. ఆ ఏడు అదే మిల్లు తగలబడింది. నోరా గిల్‌ఫాయిల్ అనే పంతొమ్మిదేళ్ల పిల్ల, పక్కనే ఉన్న ఫోన్ల ఆఫీసు నిండా పొగ కమ్ముకున్నా, ఫోన్లు కలిపే బోర్డు ముందు నుంచి ఐదు గంటలు లేవలేదు. ఇంటింటికీ ఫోన్ చేసి జనాన్ని బయటికి తోలింది, చుట్టుపక్కల ఊళ్ల ఫైరింజన్లన్నిటినీ రప్పించింది. ఊళ్లోవాళ్లు చందాలేసుకుని ఆమెకు పతకం చేయించారు. ఒకవైపు చెవికి ఫోను తగిలించుకున్న అమ్మాయి, రెండోవైపు ఆకుల దండ మధ్య నోరా పేరు. కొట్టించింది ఒక్కటే. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు అమ్ముతుంటే గుండీల డబ్బా అడుగున లోరెట్‌కు దొరికింది.

యజమాని పేరు మీద ఈ ఊళ్లో వీధి ఉంది, బడి ఉంది, గుర్రమెక్కిన విగ్రహం ఉంది. నోరాకు ఉన్నది ఈ ముక్క ఒక్కటే. అది తలుపు దగ్గర ఉండాలి. ఇందులో చర్చకు ఏముంది?

ఏడుంపావుకు లోరెట్ కిందికి దిగేసరికి భర్త ఆర్మాండ్ వంటగదిలో నవ్వుతూ నిలబడి ఉన్నాడు. గ్యాసు గొట్టాలు బిగించే పనిలో నలభై ఏళ్లు ఉండి రిటైరైనవాడు, ఖాళీగా ఉండలేకపోవడమే అతని జబ్బు. అతని అరచేతిలో నోరా పతకం కొత్త కుళాయిలా ధగధగ మెరుస్తోంది.

"చూశావా! నలుగురికీ చూపించే వస్తువు కదా, అలా నల్లగా ఉంటే ఏం బాగుంటుందని తోమాను."

"దేంతో?"

"ఇత్తడి కుళాయిలు తోమే ముద్దతో. నలభై నిమిషాలు రుద్దాను. నా భుజం పట్టేసిందనుకో."

"నీ భుజం సంగతి తర్వాత చూస్తాను ఆర్మాండ్. ముందు మెడ సంగతి చూడాలి."

పతకాలు దాచుకునేవాళ్లకు కంచు మీది ఆ ముదురు గోధుమ రంగే ప్రాణం. కొట్టినప్పుడే కార్ఖానాలో మందులు పట్టించి ఆ రంగు తెప్పిస్తారు, ఆ పైన వందేళ్ల గాలి దాన్ని పండిస్తుంది. ఆర్మాండ్ ఆ వందేళ్లనూ కాఫీ మరిగేలోపు చెత్తబుట్టలో పారేశాడు. పైగా క్లబ్బుకు ఏడో నియమం ఒకటి ఉంది: తోమిన పతకం గానీ, రంగు తెప్పించిన పతకం గానీ పోటీకి పనికిరాదు, ఆ పని చేసిన సభ్యుడికి క్లబ్బులో చోటు లేదు. ఆ నియమం స్వయంగా థేయర్ రాసినది.

లోరెట్ ఏడవలేదు. ఆమెకు అంత తీరిక లేదు. ఎప్పుడో ఒక ముసలి పతకాల వర్తకుడు చెవిలో వేసిన మాట గుర్తొచ్చింది. ఉడికిన గుడ్డును వేడివేడిగా చిదిపి, కంచుతో పాటు డబ్బాలో మూసి పెడితే, ఆ వాసనకే లోహం నల్లబడుతుందట. ఎన్ని గుడ్లు, ఎంతసేపు అన్నది ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. లోరెట్ తనే లెక్క కట్టింది. ఒక గుడ్డు ఒక రోజులో చేసే పనిని పన్నెండు గుడ్లు రెండు గంటల్లో చేసి తీరాలి. సమ్మెల్లో కూడా ఆమెది ఇదే లెక్క.

ఫ్రిజ్‌లో ఉన్న డజనూ ఉడికింది. చిదిపిన గుడ్లను బిస్కెట్ల రేకుడబ్బాలో వేసి, మధ్యలో సీసామూత బోర్లించి, దాని మీద పతకం పెట్టింది. ఆర్మాండ్ గొట్టాలకు చుట్టే బూడిదరంగు టేపుతో డబ్బా చుట్టూ బిగించింది. వేడి పోకుండా టవల్ కప్పింది. ఆవిరికి మూత పేలుతుందేమోనని ముందుజాగ్రత్తగా మేకుతో నాలుగు చిల్లులు కూడా పెట్టింది. ఆ రోజు వార్డ్‌వెల్‌కు జరిగిన నష్టమంతా ఆ నాలుగు చిల్లుల్లోంచే వచ్చింది.

తొమ్మిదికి అయిదు నిమిషాలుండగా డబ్బాను సంచిలో పెట్టుకుని హాలుకు చేరి పుస్తకంలో సంతకం పెట్టింది. "పతకం ఏదమ్మా?" అని అడిగింది క్లబ్బు కార్యదర్శి ఐడా పెటెంగిల్. ఎనభై నాలుగేళ్ల మనిషి, మినిట్స్ పుస్తకం ఒళ్లో లేకుండా ఆమెను ఎవరూ చూడలేదు.

"పదకొండింటికి చూపిస్తాను."

"సస్పెన్సా?" అన్నాడు థేయర్, తన వెండి గడ్డాలాయన ముందు అద్దం తుడుచుకుంటూ. "టెలిఫోన్ పిల్ల మీద మీకున్న అభిమానం నాకు అర్థమైంది మిసెస్ బుషార్. కానీ కళ అనేది ఒకటి ఉంటుంది కదా."

"ఉంటుంది. ఈ ఏడు కొంచెం జరిగి కూర్చుంటుంది" అని లోరెట్ వెనక వంటగదిలోకి వెళ్లి, గదిని వెచ్చబెట్టే రేడియేటర్ కాలిపోతుంటే దాని వెనక డబ్బాను దూర్చి వచ్చింది.

పది దాటాక వాసన మొదలైంది. మొదట జనం ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. తర్వాత కిటికీల వైపు జరిగారు. సరిగ్గా అప్పుడే, అందరికీ కాఫీ కలిపి పెడదామని ఆర్మాండ్ లోపలికొచ్చాడు. వచ్చినవాడు గుమ్మంలోనే ఆగి తల పైకెత్తాడు. లీకు తెలియడానికి గ్యాసులో కలిపే మందుదీ అచ్చం ఇదే కంపు. గుడ్ల సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. పొద్దున అతన్ని వంటగదిలోంచి తరిమేసింది మొదలు లోరెట్ అతనితో మాట్లాడటమే మానేసింది.

"గ్యాసు! లీకవుతోంది! అందరూ బయటికి పదండి!"

"ఆర్మాండ్, నోరు ముయ్యి" అంది లోరెట్ పళ్ల బిగువున.

"గ్యాసు దగ్గర నోరు మూసుకుంటే ప్రాణాలు పోతాయే! నలభై ఏళ్ల ముక్కు ఇది. మెయిన్ లైన్‌లోనే ఉంది తేడా."

నిమిషంలో అతను నేలమాళిగలోకి దిగి వాల్వు కట్టేశాడు. ఆ లైన్ మీదే పక్క హోటలూ ఉంది. పెనం మీద సగం కాలిన అట్లు అలాగే ఉండిపోయాయి, జనం ఫోర్కులు చేత్తో పట్టుకుని వీధిలోకి వచ్చారు. ఎదుటి మంగలి షాపులోంచి ఒకాయన తలకు ఎడమవైపు మాత్రమే కత్తిరింపు అయి బయటికొచ్చాడు. రెండు ఫైరింజన్లు వచ్చాయి. గ్యాసు కంపెనీ లారీ వచ్చింది.

లోరెట్ మళ్లీ హాలు మెట్లెక్కబోతే ఫైర్ చీఫ్ టిమ్ డఫీ చెయ్యి అడ్డం పెట్టాడు. అతను వాళ్ల వీధి కుర్రాడే.

"ఆంటీ, లోపలికి ఎవరూ వెళ్లకూడదు."

"నా పర్సు లోపల ఉండిపోయింది టిమ్."

"పర్సు మీ భుజానే ఉందిగా."

"ఇంకోటి."

"బతికుంటే రెండూ వాడుకుందురుగాని, వెనక్కి జరగండి."

గ్యాసు పసిగట్టే మీటరు పట్టుకుని లోపలికి వెళ్లిన మనిషి తిరిగొచ్చి గ్యాసు ఏమీ లేదన్నాడు. లోరెట్‌కు ఊపిరి వచ్చింది. ఆర్మాండ్‌కు కోపం వచ్చింది.

"నీ మీటరు పాడైపోయింది టిమ్."

"కొత్తది అంకుల్. పోయిన వారమే వచ్చింది."

"అదే చెప్తున్నా. దానికి వారం వయసు. నా ముక్కుకు డెబ్బై రెండేళ్లు. లీకు రోడ్డు కింద ఉంది, తవ్వించు!"

గ్యాసు కంపెనీవాళ్లలో ఇద్దరు ఒకప్పుడు ఆర్మాండ్ దగ్గర పని నేర్చుకున్నవాళ్లు. గురువు మాట కాదనలేక యంత్రం దించి, మెయిన్ స్ట్రీట్ నడిమధ్య తారు పగలగొట్టడం మొదలెట్టారు. లోరెట్ నుదురు కొట్టుకుంది. చెప్పేస్తే నిమిషంలో తేలిపోతుంది. కానీ చెప్తే ఏడో నియమం ఉంది, థేయర్ నవ్వు ఉంది, నోరా మళ్లీ గుండీల డబ్బాలోకి పోతుంది. పదకొండు కావడానికి ఇంకా పాతిక నిమిషాలున్నాయి. ఆమె గడియారం చూసుకుంటూ నిలబడింది.

ఇంతలో వంటగది వెతకడానికి వెళ్లిన ఫైర్‌మన్ మొహం పాలిపోయి బయటికొచ్చాడు.

"చీఫ్, రేడియేటర్ వెనక ఒక డబ్బా ఉంది. చుట్టూ టేపు బిగించేసి, పైన టవల్ కప్పి దాచారు. మూతకు చిల్లులున్నాయి. లోపల్నుంచి బుసబుసమని చప్పుడొస్తోంది."

టిమ్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. జనాన్ని వీధి చివరికి తరిమి, రేడియోలో బాంబు దళాన్ని పిలిచాడు. పై ఊళ్లో వేరే పని మీద ఉన్నారట, పావుగంటలో వచ్చేస్తామన్నారు.

"వచ్చి ఏం చేస్తారు?" అని అడిగింది లోరెట్.

"రోబోను పంపిస్తారు ఆంటీ. దానికి నీళ్ల తుపాకీ ఉంటుంది. దూరం నుంచి ఒక్కటి కొడితే డబ్బా, డబ్బాలో ఉన్నదీ తునాతునకలు. భయం లేదు."

క్లబ్బా, నోరానా? లోరెట్ ఆలోచించింది అరక్షణం. ఫైరింజన్ మెట్టెక్కి నిలబడింది.

"అది బాంబు కాదు! కోడిగుడ్లు! ఉడకబెట్టిన కోడిగుడ్లు!"

వీధి వీధంతా ఆమె వైపు తిరిగింది.

"నా మొగుడు పతకాన్ని తోమేశాడు. రంగు తెప్పిద్దామని నేనే గుడ్లలో పెట్టాను. ఏడో నియమం తప్పాను, తీసేస్తే తీసేయండి, ఫీజు కలిసొస్తుంది. కానీ ఆ డబ్బాలో ఉన్నది నోరా గిల్‌ఫాయిల్! మిల్లు తగలబడుతుంటే ఐదు గంటలు పొగ మింగుతూ కూర్చుని మీ ముత్తాతలకి ఫోన్లు చేసిన పిల్ల! అప్పుడు యజమాని ఎక్కడున్నాడో ఎవరికైనా తెలుసా? నాకు తెలుసు, పేపర్లో చదివాను, సముద్రం ఒడ్డున విడిది ఇంట్లో ఉన్నాడు! ఆయన మొహాన్ని అద్దాల పెట్టెలో పెట్టి, ఈ పిల్లని నీళ్ల తుపాకీతో కొడతారా? కొట్టండి చూద్దాం!"

ఆర్మాండ్ నెమ్మదిగా తన ముక్కు తడుముకున్నాడు. థేయర్ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఎన్ని గుడ్లు పెట్టారు?"

"పన్నెండు."

"పన్నెండా!" థేయర్ గొంతు కీచుమంది. "మతి ఉందా మీకు? ఆ సైజు కంచుకి ఒక్క గుడ్డు చాలు! అదీ పచ్చసొన మాత్రమే! చల్లటి చోట పెట్టాలి, ఇరవై నిమిషాలకోసారి తీసి చూసుకోవాలి! రేడియేటర్ వెనక పెట్టి ఉడకేస్తారా ఎవరైనా? నేనైతే ఎప్పుడూ..."

అక్కడ ఆగాడు. రోడ్డు పగలగొట్టే యంత్రం కూడా సరిగ్గా అప్పుడే ఆగింది.

"మీరైతే ఎప్పుడూ ఏం చేస్తారు విన్‌త్రాప్?" అంది ఐడా పెటెంగిల్, పుస్తకం తెరిచి. "కాస్త నిదానంగా చెప్పండి, రాసుకుంటున్నాను."

"వెండికెన్ని గుడ్లు?" అని అడిగింది లోరెట్ ఫైరింజన్ మీదనుంచే.

"వెండికి సగం చాలు" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అన్నది కోశాధికారి. అన్న వెంటనే వంగి బూట్ల లేసులు విప్పి మళ్లీ కట్టుకోసాగాడు. అతనితో పాటు మరో ఐదుగురు సభ్యులు కూడా తమ బూట్లనే చూసుకుంటున్నారు.

టిమ్ బాంబు దళాన్ని రావద్దని రేడియోలో చెప్పి, డబ్బాను పట్టకారుతో తనే బయటికి తెచ్చాడు. టేపు కోసి మూత తీస్తే ముందు వరసవాళ్లు నాలుగడుగులు వెనక్కి వేశారు. పతకం గోధుమ రంగుకు రాలేదు. ముదురు రంగుకూ రాలేదు. బొగ్గులా నల్లబడింది. నోరా మొహం ఇప్పుడే ఆ పొగలోంచి లేచి వచ్చినట్టుంది. పతకాల లెక్కలో అది పూర్తిగా పాడైపోయినట్టే. లోరెట్ దాన్ని కోటు అంచుతో తుడుస్తూ చాలాసేపు చూసింది.

"ఈవిడేనా?" అన్నాడు సగం కత్తిరింపు ఆయన, మెడ చాచి. "ఐదు గంటలూ కదల్లేదా?"

"కదల్లేదు."

"మా ముత్తవ్వ ఆ మిల్లులోనే చేసింది" అంది హోటల్లో వడ్డించే ఆవిడ. "ఏదీ, నన్ను చూడనివ్వండి."

అసలు ఈ ప్రదర్శనకు ఏటా నలభై మంది రావడమే గొప్ప. ఆ రోజు గ్యాసు లేక, వంట లేక, క్షవరం లేక, చేసే పని ఏదీ లేక ఊరంతా వరస కట్టింది. పదకొండింటికి ఓటింగు జరగలేదు. ఏడో నియమాన్ని సమంగా అమలు చేస్తే క్లబ్బులో ముగ్గురు మిగులుతారని, అందులో ఒకరికి చూపు ఆనదని ఐడా పెటెంగిల్ లెక్క తేల్చింది. థేయర్ ఎవరూ చెప్పకుండానే వెండి గడ్డాలాయనను తీసి జేబులో వేసుకున్నాడు. లోరెట్ నోరాను తలుపు పక్క పెట్టెలో పెట్టి, వాసన బయటికి రాకుండా అద్దం గట్టిగా మూసింది.

"నేను తోమబట్టే కదా ఇంతమంది వచ్చారు" అన్నాడు ఆర్మాండ్, సర్దుకుందామని.

"అవును" అంది లోరెట్. "అందుకే ఇంకా బతికున్నావు."

సాయంత్రం టిమ్ డఫీ రిపోర్టు రాశాడు: మంటలు లేవు, గ్యాసు లేదు, రోడ్డుకు ఒక గొయ్యి. కారణం, కోడిగుడ్లు పన్నెండు. నిపుణుల అభిప్రాయం ప్రకారం ఒకటి సరిపోయేది.