హైడెల్‌బర్గ్ కోతి, పర్చూరు ముఖం

హోటల్లో టిఫిను బల్ల దగ్గరే వెంకటనారాయణ ఆ రోజు పని తేల్చేసుకున్నాడు. కోట చూడటం, అందులోని పెద్ద సారా పీపా చూడటం, పాత వంతెన చూడటం అందరూ చేసేవే. తాను చేయాల్సింది మాత్రం ఒక్కటే. ఎక్కడికి వెళ్ళినా నాగేంద్రబాబు కంటే ముందు కెమెరా ముందుకు చేరాలి.

పర్చూరులో వెంకటనారాయణది పురుగుమందుల కొట్టు. పొదిలిలో నాగేంద్రబాబుదీ అదే వ్యాపారం. ఆ ఏడు మిరప తోటలకు తామరపురుగు పట్టడంతో ఇద్దరి కొట్లలోనూ మందు డబ్బాలు నిలవలేదు. టార్గెట్ దాటిన డీలర్లను కంపెనీ భార్యలతో సహా జర్మనీలో హైడెల్‌బర్గ్ చూడ్డానికి పంపింది. రైతులకు పురుగు పట్టబట్టి వీళ్ళకు విమానయోగం పట్టిందన్నమాట.

అసలు కథ విమానం కాదు, క్యాలెండరు. కంపెనీ ఏటా తన క్యాలెండరు అట్ట మీద ఒక డీలరు ఫోటో వేస్తుంది. గుంటూరు నుంచి పొదిలి దాకా ప్రతి మందుల కొట్లోనూ, రైతుల వసారాల్లోనూ ఆ ముఖం ఏడాది పొడుగునా వేలాడుతుంది. గత రెండేళ్ళూ వేలాడింది నాగేంద్రబాబు ముఖమే. దాన్ని తన కొట్లో తన చేత్తోనే మేకుకు తగిలించుకున్నవాడు వెంకటనారాయణ. ఆ బాధ పడ్డవాడికే తెలుస్తుంది.

"ఈసారి అట్ట మీద నేనుండాల్సిందే కోటీ," అన్నాడు భార్యతో.

"ముందు టోపీ పెట్టుకోండి," అంది కోటిరత్నం. "చెవుల్లోకి గాలి పోయిందంటే ఇక్కడ డాక్టరుకి ఏ భాషలో చెప్పుకుంటారు?"

పర్చూరులో ఏప్రిల్ అంటే రోడ్డు మీద తారు కరిగే కాలం. హైడెల్‌బర్గ్‌లో అదే ఏప్రిల్ ఆయన పళ్ళు టకటకలాడించింది. మెడకూ చెవులకూ మఫ్లరు చుట్టి, దాని మీద దళసరి ఉన్ని మంకీ క్యాప్ లాగి, కోటిరత్నం మొగుణ్ణి బయటికి తీసింది.

కొండ మీదికి పాకే రైలెక్కి కోటకు చేరగానే వెంకటనారాయణ నాలుగు వైపులా తిరిగి తిరిగి చూశాడు. ఎర్రరాతి గోడలు సగం కూలి కూడా ఎంత ఠీవిగా నిలబడ్డాయి! కింద నది, నది మీద వంతెన, వంతెనకు ఇవతల ఎర్రపెంకుల ఊరు, ఊరి మధ్య వందల ఏళ్ళ యూనివర్సిటీ. కొండవీడు చూసిన కళ్ళు కూడా చెదిరిపోయాయి. ఆ సంబరంలో ఒక్క నిమిషం క్యాలెండరు మర్చిపోయాడు. ఆ నిమిషం చాలింది నాగేంద్రబాబుకు.

"రా బావా, నా పక్కన నిలబడు," అని పిలిచాడు పిట్టగోడ దగ్గర్నుంచి. ఈ ఇద్దరూ చుట్టాలేం కాదు, పోటీ కొద్దీ బావలయ్యారు. "బాలు గారూ, నది మొత్తం పడాలి. మా బావ భుజం పడితే చాల్లెండి."

బాలు కంపెనీ ఉద్యోగి, కెమెరా అతని చేతిలోనే ఉంది. ఇద్దరూ పెద్ద డీలర్లే కాబట్టి అతను ఎవరేమన్నా నవ్వుతూ నొక్కేవాడు.

కోట నేలమాళిగలో ఇల్లంత ద్రాక్షసారా పీపా ఉంది. దాని మీదికి మెట్లు కూడా కట్టారు. "ఇందులో ఆవకాయ కలిపితే జిల్లా మొత్తానికి సరిపోద్ది," అని కోటిరత్నం నోరెళ్ళబెట్టింది. వెంకటనారాయణ మెట్లెక్కుతూ తలెత్తి చూస్తే, పైన నాగేంద్రబాబు నడుం మీద చేతులు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

మధ్యాహ్నం ఊళ్ళోకి దిగాక గైడు అందరినీ పాత విద్యార్థుల జైలుకు తీసుకెళ్ళింది. అల్లరి చేసిన కుర్రాళ్ళను ఒకప్పుడు యూనివర్సిటీవాళ్ళే అందులో పెట్టేవారట. వాళ్ళు గోడల నిండా బొమ్మలు గీసిపెట్టారు. నాగేంద్రబాబు మురిసిపోయి ఇనుప మంచం మీద కూర్చున్నాడు. ఇదే అదనని వెంకటనారాయణ బాలు చెయ్యి పట్టుకుని వంతెన వైపు పరుగు తీశాడు. వెనకే సంచీ పట్టుకుని కోటిరత్నం.

వంతెన మొదట్లో కంచు కోతి కూర్చుని ఉంది. చేతిలో అద్దం. అది ముట్టుకుంటే కలిసొస్తుందని అక్కడివాళ్ళ నమ్మకం. కోతి తల లోపల బోలుగా ఉంది.

"చాలామంది అందులో తల పెట్టి ఫోటో దిగుతారు సార్," అన్నాడు బాలు. "వెరైటీగా ఉంటుంది."

వెరైటీ అన్న మాట వెంకటనారాయణకు గుండెల్లో తగిలింది. "ముందు అదొకటి తియ్యండి. తర్వాత టోపీ తీసి ముఖంతో ఒకటి," అని వంగి, తల లోపలికి దూర్చాడు. కాస్త బిగుతుగా ఉంటే ఇంకాస్త తోశాడు. బాలు నొక్కాడు. బ్రహ్మాండంగా వచ్చింది.

తలే రాలేదు.

మంకీ క్యాప్ కుచ్చు లోపలెక్కడో పట్టుకుంది. లాగితే టోపీ మడతపడి, దాని కింద మఫ్లరు ముద్దకట్టి, సీసాలో బిరడాలా బిగుసుకుంది.

"కోటీ! ఇరుక్కుపోయానే!"

"చెవులకి గాలి తగలట్లేదుగా, కంగారుపడకండి," అంది కోటిరత్నం. అంటూనే తాను కంగారుపడి కాలు పట్టుకుని లాగింది.

జనం మూగారు. ఇదొక వేషమనుకుని కొందరు చప్పట్లు కొట్టారు. ఒక జంట ఆయన నడుం మీద చేతులు వేసి ఫోటో దిగింది. ఇంతలో కోతి లోపలి నుంచి వస్తున్న తెలుగు తిట్లు విని, గుంపులోంచి ఒక పెద్దాయన పరిగెత్తుకొచ్చాడు. ఆయనా ఊరు చూడ్డానికొచ్చినవాడే, పిడుగురాళ్ళలో సున్నపు బట్టీలున్న మాబు సాహెబ్.

"ఏ ఊరండీ మీది?"

"పర్చూరండీ!" అంది కోతి.

"పర్చూరా! మా రెండో అల్లుడిది మీ పక్క మార్టూరేనండీ! మీరు ఎవరి తాలూకు?"

"అయ్యా, తల బయటికొచ్చాక చెబుతానండీ!"

నాగేంద్రబాబు వచ్చేసరికి వంతెన మీద దారి లేదు. మొదట పొట్ట పట్టుకుని నవ్వాడు. అంతలో ఫైరింజను వచ్చింది. దిగినవాళ్ళ చేతిలో రంపం కనబడగానే అతని నవ్వు ఆగిపోయింది.

"బావా, అదేంది చప్పుడు?" అంది కోతి సన్నగా.

"ఏం లేదు బావా. నేనున్నా," అని నాగేంద్రబాబు వెనకనుంచి నడుం వాటేసుకుని, కాళ్ళు తన్నిపెట్టి లాగడం మొదలెట్టాడు. అతన్ని మాబు సాహెబ్ లాగాడు.

కోటిరత్నం సంచీలో చెయ్యి పెట్టింది. రొట్టెల్లోకని తెచ్చుకున్న పండుమిరప పచ్చడి సీసా తీసి, పైన తేరిన నూనెను మొగుడి మెడ చుట్టూ ధారగా పోసింది.

"ఒసేయ్! కారమే అది!"

"కారమే! మన తోటదే! లాగండన్నయ్యా!" అంటూ కోటిరత్నం సీసా పైకెత్తి పకపకా నవ్వింది. పక్కనే బాలు కెమెరా నొక్కుతూనే ఉన్నాడు.

ఒక్క కేక. వంతెన అవతలి గట్టుకు కూడా వినబడి ఉంటుంది. టోపీని కోతికే వదిలేసి వెంకటనారాయణ తల బయటికొచ్చింది. నాగేంద్రబాబు, మాబు సాహెబ్ వెల్లకిలా పడ్డారు. జనం ఈలలు వేశారు. కోటిరత్నం సీసా పైకెత్తి పకపకా నవ్వింది. ఫైరింజనాయన ఆ నూనె ఏమిటోనని వేలు నాకి చూసి, హెల్మెట్టు తీసి ఇంజను మెట్టు మీద కూర్చుండిపోయాడు.

వెంకటనారాయణ ముఖం పండుమిరపకాయలా ఎర్రబడి వాచింది. కళ్ళు తెరుచుకోలేదు. ముఖంతో ఫోటో ఆ రోజుకే కాదు, ఆ ప్రయాణానికే లేకుండా పోయింది. రాత్రి ఆయన నిజంగానే ఏడ్చాడు. కారం వల్లనేలే అని కోటిరత్నం ఊరుకుంది.

కొత్త సంవత్సరానికి క్యాలెండరు కట్టలు పర్చూరు చేరాయి. వెంకటనారాయణ ఆత్రంగా ఒకటి విప్పాడు. అట్ట నిండా హైడెల్‌బర్గ్ వంతెన. ఒక పక్క కంచు కోతి తలతో ఒక ఒళ్ళు. దాన్ని లాగుతూ నాగేంద్రబాబు, మాబు సాహెబ్ వీపులు. వాళ్ళ ముందు సీసా ఎత్తి పట్టుకుని, వెయ్యి దీపాల వెలుగుతో నవ్వుతున్న కోటిరత్నం. మొత్తం అట్ట మీద కనిపించే ముఖం అదొక్కటే.

ఇప్పుడు కొట్టుకొచ్చిన రైతులు మందు సంగతి తర్వాత అడుగుతున్నారు. "అక్క ఫోటో భలే పడిందండీ! మరి మీరెక్కడ?"

వెంకటనారాయణ క్యాలెండరు మీద వేలు పెట్టి, రోజుకు పదిమందికి తన నోటితో తానే చెప్పుకుంటున్నాడు.

"ఆ కోతిని నేనే."