యూనానీ ఆముదం

అక్కలారా, చలికాలం అందరికీ వస్తది. స్వెట్టర్ తొడుక్కుంటే ఓర్చుకోవచ్చు. నాకు మాత్రం చలి నేరుగ చేతులల్లకు వచ్చి, అక్కడనే కాపురం పెడ్తది.

ముందుగాల వేళ్ల కణుపుల మీద సన్నటి గీత పడ్తది. ఏముందిలే అనుకుంటం. తెల్లారేసరికి గీత విచ్చుకుంటది. ఇగ బొటనవేలు పక్కన పగిలిందంటే అయిపాయె. జాకెట్టు హుక్కు పెట్టరాదు, నిమ్మకాయ పిండరాదు, ఉప్పు డబ్బాల చెయ్యి పెడితే చుక్కలు కనవడ్తయి.

మా ఇల్లు పాతబస్తీల, హుస్సేనీ ఆలంల. మామయ్య వామన్‌రావు గల్లీ చివర ఉన్న చిన్న గుడిల పూజ చేస్తడు. ధనుర్మాసం నెలంతా తెల్లారకముందే పొంగలి, దద్ధ్యోజనం మా ఇంట్లనే వండి గుడికి పంపాలె. వండేది మా అత్తమ్మ కోమలవల్లి. గిన్నెలు తోమేది నేను. అన్నీ ఇత్తడివే. ఇత్తడి తెల్లబడాలంటే చింతపండు పెట్టి రుద్దాలె, అదీ ఐసు లెక్కున్న నల్లా నీళ్లతోని.

పగిలిన చేతికి చింతపండు తాకితే ఎట్లుంటదో ఎరికేనా? చచ్చిపోయిన మా నాయనమ్మ కండ్ల ముందటికి వచ్చి, "వస్తవా బిడ్డా" అని చెయ్యి చాపుతది. పిల్ల ఉన్నదని ఆగిన గానీ, ఎన్నిసార్లు పోదామనుకున్ననో.

"అత్తమ్మా, గీజర్ నీళ్లతోని తోముతనే," అని ఒకసారి అడిగిన.

"మడి గిన్నెలకు గీజర్ నీళ్లా? కరెంటు ఎవరెవరి ఇండ్లు తిరిగి వస్తదో మనకేం తెలుసు."

"పోనీ చేతులకు క్రీం రాసుకుంటా."

"అండ్ల ఏం జంతువు కొవ్వు కలుపుతరో. గా చేతులతోని దేవుని గిన్నె ముడ్తవా?"

నేను మల్ల చింతపండు అందుకున్న.

నొప్పి అయితే ఓర్చుకుందును. నా అసలు ఫికర్ మా మాన్య. ఇంకా ఏడాది నిండని పిల్ల. నేను ఎత్తుకుంటే నా చేతుల పొరలు దాని ఉన్ని స్వెట్టరుకు పట్టుకొని దారాలు లేస్తుండె. వీపు మీద జోకొడితే గీసుకపోయి కెవ్వుమంటుండె. అత్తమ్మ ఎత్తుకుంటే చాలు, గప్‌చుప్. ఆమె చేతులు పూరీ పిండి లెక్కుంటయి. నెలంతా నేతిల ఆడే చేతులాయె. పిల్ల ఆ చేతుల మీదనే నిద్రపోవుడు, ఆ చేతుల మీదనే లేసుడు. నేను పాలిచ్చి ఆమె చేతికిచ్చేటిదాన్ని, అంతే. పాల పాకెట్ అబ్బాయికి, నాకు తేడా లేకుంటయింది.

ఒకరోజు ఫోన్ తెరుద్దామని వేలు పెడితే తెరుచుకోలే. వేలిముద్ర సరిపోలేదన్నది. తుడిచి పెట్టిన, ఊది పెట్టిన. ఊహూఁ. పైసలిచ్చి కొన్న ఫోనే నన్ను గుర్తుపడ్తలేదు, ఇగ పిల్ల ఏం గుర్తుపడ్తది?

మా ఆయన శ్రీనాథ్ మలక్‌పేటల ఒక ఆఫీసుల లెక్కలు చూస్తడు. ఆయన వచ్చుడుతోనే చెప్పిన.

"ఏందండీ, నా వేలిముద్రలు పోయినయి."

"ఎక్కడ పెట్టి మర్చిపోయినవ్? వంటింట్ల చూడు."

"నవ్వకున్రి. పిల్ల నన్ను దగ్గరికి రానిస్తలేదు. గిట్లనే ఉంటే మాటలొచ్చినంక అది నన్ను ఆంటీ అంటది."

"అక్కా అనమని నేను నేర్పిస్త. వయసు తక్కువ కనపడ్తది."

గీ మనిషితోని ఏడ్చినా లాభం లేదని, మా పై పోర్షన్ల కిరాయికుండే కీర్తిప్రియ దగ్గర ఏడ్చిన. ఆమె ఉపాయం చెప్పింది. "ఆముదం రాయి వదినా. చెట్టు నూనె, మీ అత్తమ్మ కాదనదు. మంచిది కావాలంటే యూనానీ మందుల దుకాణంల తెప్పియ్యి. ఉర్దూల 'అరండీ కా తేల్' అనాలె."

మా ఆయనకు పాఠం చెప్పిన. "అరండీ కా తేల్. ఏదీ, అనున్రి."

"అరండే కా తేల్."

"అరండే కాదు, అరండీ."

"నువ్వు తొమ్మిదో తరగతి, నేను బీకాం. పైగా పుట్టి పెరిగింది పాతబస్తీల. నాకు ఉర్దూ నేర్పుతున్నవా?"

పొద్దూకి చిన్న సీసా తెచ్చిండు. మీదంతా ఉర్దూ రాత. మా ఇంట్ల ఉర్దూ మాట్లాడొస్తది గానీ చదవరాదు. మాట్లాడుట్ల అత్తమ్మే ఫస్టు. కూరగాయల బండాయనను కిటికీలకెంచి "క్యా భాయ్, టమాటే మే సోనా భరే క్యా?" అని, టమాటల బంగారం నింపినవా అన్నట్టు అడిగిందంటే, ఆయన ధర తగ్గియ్యాలె, లేకుంటే బండి మళ్లియ్యాలె.

సీసా మూత తీసి వాసన చూసిన. "గిది ఆముదం లెక్క లేదండీ. పసుపు లెక్క పచ్చగున్నది. వాసన గూడ వేరే."

"మీ అమ్మగారింట్ల వాడేది తెలుగు ఆముదం. గిది యూనానీ ఆముదం. దేశం మారితే వాసన మారదా?"

బీకాం చెప్పినంక తొమ్మిదో తరగతి ఏం చెప్తది. రాసుకున్న.

అక్కలారా, ఏం చెప్పాలె. పగుళ్లు ఒక్కొక్కటే మూసుకున్నయి. చింతపండు తాకినా నాయనమ్మ వచ్చుడు బందయింది. అత్తమ్మ చూసి, "చెట్టు నూనేనా?" అని అడిగి, తన మడమలకు రాసుకున్నది. మామయ్య మోకాళ్లకు రాసుకొని, చేతికంటిన జిడ్డు బట్టతల మీద తుడుచుకున్నడు. కొన్ని దినాలకు అక్కడ సన్నగ నూగు మొలిచింది. అంతా స్వామి దయ అని అద్దం ముందట నిలవడి దండం పెట్టుకున్నడు.

ఒక మధ్యాహ్నం మాన్య వీపు మీద భయం భయంగ చెయ్యేసిన. ఏడ్వలే. ఊపిరి బిగబట్టి జోకొట్టిన. నా వేలు పట్టుకొని నిద్రపోయింది. కాలు తిమ్మిరెక్కినా నేను కదలలే. ఆ దినం ఫోన్ గూడ తెరుచుకున్నది. పనేం లేకున్నా తెరిసిన, మూసిన, మల్ల తెరిసిన.

సీసా అడుగంటుతుంటే ఈసారి నేనే పిల్లను చంకనేసుకొని దుకాణంకు పోయిన. ఖాళీ అవుతున్న సీసా చూపిచ్చిన.

"జుట్టు ఊడుతున్నదా బేటీ?" అని అడిగిండు దుకాణం చాచా.

"లేదు చాచా, చేతులు పగిలినయి. అందుకే అరండీ కా తేల్..."

"అరండీ కాదు బేటీ. గిది అండే కా తేల్. ముర్గీ కే అండే. జుట్టు మొలిపిచ్చే నూనె. చేతులకు గూడ మంచిదే."

అండే అంటే గుడ్డు. ముర్గీ అంటే కోడి. ఉల్లిగడ్డ కోసిన కత్తిని గూడ వేరే పెట్టే మా ఇంట్ల, మా అత్తమ్మ మడమల్ల, మామయ్య బట్టతల మీద, దేవుని గిన్నెలు తోమే నా చేతులల్ల, కోడిగుడ్డు.

సీసా అక్కడనే వదిలి పోదామనుకున్న. నోరు మాత్రం, "ఇంకొక సీసా ఇయ్యి చాచా," అన్నది. ఏం చెయ్యాలె. చంకల మాన్య నా వేలు పట్టుకొనే ఉన్నది.

దారెంబడి ఆలోచించిన. చెప్తే లొల్లి, చెప్పకుంటే పాపం. నడుమ ఒక ఉపాయం తట్టింది. కిరాణ దుకాణంల అసలు ఆముదం కొన్న. గూట్లె ఉండే యూనానీ సీసా కడిగి అండ్ల అసలు ఆముదం పోసిన. అత్తమ్మ, మామయ్య ఇగ అదే రాసుకుంటరు, వాళ్ల మడి వాళ్లకే. కోడిగుడ్డు నూనెను, ఆముదం అని తెలుగుల రాసున్న ఆ కిరాణ సీసాల పోసి, పిల్ల పౌడర్ డబ్బాల ఎనక దాచిన. ఆ పాపం నా ఒక్కదానికే చాలు. నా తెలివికి నాకే మురిపెమనిపిచ్చింది.

మురిపెం ఎన్ని దినాలు ఉంటది. ఒక తెల్లారగట్ల మామయ్య గుడికి పోయిండు, నేను బయట నల్లా కాడ గిన్నెల ముందటున్న. పూజగదిల దీపానికి నువ్వుల నూనె అయిపోయింది. ఆముదంతోని వెలిగిద్దామనుకున్న అత్తమ్మ గూట్లె యూనానీ సీసా తీసి, మల్ల పెట్టేసింది. దేవునికి యూనానీది ఎట్ల పోస్తం, తెలుగు ఆముదమే పొయ్యాలె అనుకున్నది. వెతికింది. పౌడర్ డబ్బాల ఎనక దొరికింది.

ఇగ చూడున్రి, ఇల్లంతా ఆమ్లెట్ వాసన.

అట్లాంటిట్ల వాసన కాదు. మిరియాలొక్కటే తక్కువ. ఎదురింటాయన వాకిట్లకొచ్చి గట్టిగ వాసన పీల్చి, మా తలుపు దిక్కు చూసి, నమ్మకుండ మల్ల పీల్చిండు.

అత్తమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని మెట్లెక్కింది. "కీర్తిప్రియా, గుడ్లు వండొద్దని చెప్పి గదా పోర్షన్ ఇచ్చింది. ధనుర్మాసంల, పూజ యాళ్లకు, మా నెత్తి మీద ఆమ్లెట్ వేస్తవా? ఈ నెలల్నే ఖాళీ చెయ్యి."

పాపం కీర్తిప్రియ నిద్ర ముఖంతోని వచ్చింది. "ఆంటీ, నిన్నటి సంది మాకు గ్యాసే లేదు. రాత్రి చాయ్ గూడ బయటనే తాగొచ్చినం. కావాలంటే వచ్చి పొయ్యి ముట్టుకొని చూడున్రి, మీ దేవుని లెక్క చల్లగున్నది."

నేను మెట్ల కింద నిలవడ్డ. చేతిల చింతపండు. ఆమె ఇల్లు ఖాళీ చెయ్యాల్సొస్తది, నా వల్ల. నాకు ఉపాయం చెప్పిన మనిషి. నోరు తెరుద్దామంటే గొంతుల గుడ్డు అడ్డంపడ్డట్టయింది.

అత్తమ్మ దిగొచ్చింది. ముక్కుతోని దారి ఎతుక్కుంట పోయి దీపం ముందట ఆగింది. దీపం చూసింది, సీసా చూసింది, వచ్చి నా చెయ్యి పట్టుకొని వాసన చూసింది.

"ఇదేందే?"

"యూనానీ ఆముదం, అత్తమ్మా," అన్న.

లొల్లికి మా ఆయన లేసొచ్చిండు. అత్తమ్మ ఆయన దిక్కు తిరిగింది. "దుకాణంల ఏమడిగినవురా?"

"అరండే కా తేల్, అమ్మా."

"అరండేనా, అండేనా?"

ఆయన పైకి చూసిండు, కిందికి చూసిండు. "తొందర్ల ర జారిపోయిందేమో."

"నువ్వొక్క ర మింగినందుకు ఇంటిల్లిపాది గుడ్డు మింగినట్టయింది గదరా." మల్ల నా దిక్కు తిరిగింది. "అది సరే. గుడ్డు నూనె ఆముదం సీసాలకు నడిచి పోయిందా?"

ఇగ దాచేదేమున్నది. "మొన్ననే తెలిసిందత్తమ్మా. పారబోద్దామనుకున్న. పారబోస్తే మల్ల చేతులు పగుల్తయి, మాన్య నన్ను రానియ్యదు. దానికి నేనెవరో తెల్వకుంట పోతది."

అత్తమ్మ మెట్ల దిక్కు తిరిగి, "కీర్తిప్రియా, ఖాళీ ఏం చెయ్యకు, పోయి పండుకో," అని కేకేసింది. దీపం కొండెక్కిచ్చింది. అప్పుడే మామయ్య గుడికెంచి వచ్చిండు. గడపల నిలవడి, "ఏం వాసన ఇది?" అన్నడు.

మా ఆయన గోడకు అతుక్కున్నడు. నేను కండ్లు మూసుకున్న.

"దీపంల బల్లి పడి కాలింది," అన్నది అత్తమ్మ.

గోడ మీద మా ఇంటి బల్లి, బతికున్నది, ఆమె దిక్కే చూస్తున్నది.

"బల్లా," అన్నడు మామయ్య, తల మీది నూగు నిమురుకుంట. "అయితే శుద్ధి చెయ్యాలె. ఇంట్ల ఉన్న ఇత్తడంతా కిందికి దించున్రి."

ఇంట్ల ఉన్న ఇత్తడంతా అంటే అక్కలారా, అత్తమ్మ అత్తగారి కాలం నుంచి అటక మీదున్న గుండిగలు, గంగాళాలు, చెంబులు, హారతి పళ్లాలు. దించుతుంటే ఇంకా వస్తనే ఉన్నయి. చింతపండు, ఐసు నీళ్లు. దేవుని సామాను మాత్రం నా చేతికియ్యనని అత్తమ్మే ముందటేసుకున్నది. ఆమె గట్ల కూసొని తోమి ఎన్నేండ్లయిందో. ఒక్క తావుల కూసొని ఇద్దరం తోమినం. నడుమ ఒకసారి చింతపండు ఆమె వేలు సందుల దూరింది. "అబ్బా," అని నా దిక్కు చూసింది. "రోజూ గిట్లనే ఉంటదా?"

"గిట్లనే ఉంటదత్తమ్మా."

శుద్ధి అయిపోయింది. నా చేతులు మల్ల పాతకథకే వచ్చినయి, ఫోన్ మల్ల నువ్వెవరంటున్నది. పూరీ పిండి లెక్కున్న అత్తమ్మ చేతులు గూడ కాలిన రొట్టె లెక్కయినయి. మాన్యను నేనెత్తుకున్నా ఏడుపే, ఆమె ఎత్తుకున్నా ఏడుపే. ఇద్దరం దాని ముందట దొంగల లెక్క చేతులు ఎనక పెట్టుకొని నిలవడ్డం.

ఇంట్ల మెత్తటి చేతులు ఇంకెవరికి మిగిలినయి? జన్మల ఒక్క గిన్నె ముట్టని మా ఆయనకే. పిల్ల ఆయన భుజమెక్కింది. దించితే ఆరున్నొక్క రాగం. ఆఫీసుకు లీవు పెట్టి, ఎత్తుకొని ఇల్లంతా తిరుగుతున్నడు. పిల్ల ఆయన బొటనవేలు పట్టుకొని నిద్రపోతుంటే నేను తలుపు సందుల నిలవడి చూసిన. ఆ వేలు నాదైతే ఎంత బాగుండు అనుకున్న. కండ్లల్ల నీళ్లొచ్చినయి గానీ, తుడుచుకుందామంటే ఉప్పు నీళ్లు, పగిలిన చేతులు. అట్లనే కారనిచ్చిన.

అత్తమ్మ నా పక్కకొచ్చి నిలవడ్డది. జర సేపు చూసింది.

"ఒరేయ్, శ్రీనాథ్," అన్నది మెల్లగ, మామయ్యకు ఇనపడకుండ. "పిల్లను అట్లనే ఎత్తుకొని గా యూనానీ దుకాణం దాంక పోయిరా."

మా ఆయన ఆగిండు. "ఏం తేవాలమ్మా? అరండీయా, అండేనా?"

"నాకు ఉర్దూ రాదురా," అన్నది మా అత్తమ్మ. "మొన్న నోరు తిరగక ఏమడిగినవో గదే అడుగు. రెండు సీసాలు తే."