గుండీల దండకై అమ్మిరాజు సలిపిన సూదిపోరు

రాయ్‌పూర్ మహాపురమున, పండరీ బట్టల బజారు రేకులపై మార్తాండుడు అప్పుడే పెనము పెట్టిన వేళ, రెండువేల ఇరవై నాలుగవ సంవత్సరపు వేసవిలో ఒకనాటి ఉదయము పది గంటల పది నిమిషములకు, హోల్‌సేల్ వస్త్రవాణిజ్య ధురంధరుడు, విడి సరుకు కంటబడితే డజన్లు కట్టనిదే మంచినీళ్లు ముట్టని మహావీరుడు అమ్మిరాజు తన ఇంట ఘోరాపరాధము చేసెను. కూతురు కల్యాణి పదకొండింటి ఎమ్మెస్సీ సెమినార్‌కని రెండు వారాలు శ్రమించి, ఒక్కోదానికి గుడ్డ నాలుక అతికి గుచ్చిన గుండీల దండను కంపెనీ శాంపిల్ అనుకొని, దారం తెంపి, రంగుల వారీగా పొట్లాలు కట్టెను.

"నాన్నా, అది అమ్మే మాల్ కాదు. గ్లుటమినేజ్."

"ఏ కంపెనీదమ్మా?"

"మన కణాల్లో మైటోకాండ్రియా లేదూ, అందులో పనిచేసే ఎంజైము. ఒక్కో గుండీ ఒక్కో ఎంజైము అణువు అనుకోండి. ఈ గుడ్డ నాలుక చూశారా? విడిగా ఉంటే వాలిపోద్ది, పని మందగిస్తది. వరసగా గుచ్చితే పక్కదాని ఒత్తిడికి నిలబడి జోరుగా పనిచేస్తది. అది చూపిస్తేనే నాకు ఇరవై మార్కులు."

అమ్మిరాజు లెక్క చూసెను. నలభై ఎనిమిది గుండీలు, ఒక్కటీ పోలేదు. సరుకంతా ఉంది, విలువ మాత్రం లేదు. ముప్పయ్యేళ్ల బేరాల్లో ఇటువంటి నష్టం ఆయన ఎరుగడు.

"తెంపినవాణ్ణి నేనే గుచ్చుతాను," అని సూదిని చేబూని ఇట్లు పలికెను: "ఓ ఏకనేత్రీ, విను. బట్ట తానును వేలితో తడిమి నూలెంతో పాలిస్టరెంతో చెప్పినవాణ్ణి. నీ బెజ్జమెంత, నా ప్రతాపమెంత?"

"కళ్లకి చష్మా పెట్టుకోమంటే నామోషీ," అంది భార్య మాలతి. "హిందీలో చెప్పి చూడండి, వింటదేమో."

అంతట సమరము చెలరేగెను. మొదటి దాడిలో దారము ఎడమకు జారెను. రెండవ దాడిలో కొన చీలి, ఉమ్మితో తడిపినను లొంగకుండెను. మూడవ దాడిలో కూలరు గాలి శత్రుపక్షము చేరెను. పదిన్నర దాటెను. అమ్మిరాజు చేయి వణికెను. నాలుకలు సవరిస్తున్న కల్యాణి కళ్లలో నీళ్లు తిరిగెను.

మాలతి వచ్చి భర్త మణికట్టు పట్టుకొనెను. కల్యాణి లేచి సూదిని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టెను. పక్క చేతి ఒత్తిడికి వణికే చేయి నిలిచెను. నిలిచిన చేతిలోని దారము దూరెను.

"విడివిడిగా ముగ్గురం సున్నా," అన్నాడు అమ్మిరాజు నెమ్మదిగా. "ఇదేనా నీ ఎంజైము?"

"ఇదే నాన్నా. సెమినార్‌లో మీ గురించే చెప్తాను. చష్మా సంగతి ఎత్తనులెండి."

పది నలభై ఎనిమిదికి దండ సిద్ధమై, నాలుకలన్నీ నిటారుగా నిలిచెను. కొసదారం కత్తిరించబోయిన భర్త చేతి నుండి మాలతి కత్తెర లాగేసుకొనెను. కల్యాణి దండతో స్కూటీ ఎక్కి సెమినార్‌కు శంకర్ నగర్ దారి పట్టెను.

దిక్కులారా, వినుడు. పండరీలో, పట్టపగలు, ముగ్గురు మనుషులు కలిసి ఒక సూదిలో దారం ఎక్కించిరి.