పదకొండుసార్లు నొక్కిన బటన్

ఆ ఉదయం లైబ్రేరియన్ గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పుస్తకాలు తీసుకెళ్లి తిరిగివ్వని పాఠకులందరికీ కంప్యూటర్లో ఒక్క బటన్ నొక్కి మర్యాదగా మెసేజ్ పంపడం, ఆపైన నింపాదిగా కాఫీ తాగడం. మధ్యాహ్నం తనిఖీ అధికారి వస్తారు. అరల్లో నూట పన్నెండు పుస్తకాలు లేవు. వచ్చే నెలే ఆవిడ రిటైర్మెంటు. ముప్పై ఏళ్ల సర్వీసుకి ఆఖరి రోజుల్లో మచ్చ పడుతుందేమోనని ఆవిడ దిగులు.

ఆ ప్రోగ్రాం రాసింది కోడలే. ఇదివరకు బటన్ నొక్కగానే స్క్రీన్ తెల్లగా పాలిపోయి, మెసేజ్‌లన్నీ వెళ్లేదాకా ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయేది. కోడలికి అది నామోషీ అనిపించింది. వారం రోజులు కుస్తీ పట్టి, పంపే పనిని స్క్రీన్ వెనక్కి నెట్టేసింది.

"అత్తయ్యా, ఇంక స్క్రీన్ బిగుసుకుపోదు. పని వెనకాల జరిగిపోతుంటుంది, మీ పని మీరు చేసుకోవచ్చు," అని చెప్పి ఆఫీసుకి వెళ్లిపోయింది.

అత్తగారి లెక్కలో అది బిగుసుకుపోతేనే పని జరుగుతున్నట్టు. బటన్ నొక్కారు. స్క్రీన్ నిక్షేపంగా ఉంది. మళ్లీ నొక్కారు. ఊహూ! అయిదుసార్లు అయ్యాక నెరిసిన మీసాల అటెండరు వచ్చి తొంగిచూశాడు.

"అలా మెత్తగా నొక్కితే అది మాట వినదు మేడమ్."

"అయితే నువ్వే నొక్కు నాయనా."

అతను బల్ల అదిరేలా ఇంకో ఆరుసార్లు నొక్కాడు. నొక్కిన ప్రతిసారీ వెనకాల మళ్లీ మొదటినుంచి అందరికీ మెసేజ్‌లు బయల్దేరుతున్నాయని పాపం వాళ్లకేం తెలుసు!

అరగంటలో ఫోన్ల మోత మొదలైంది. తీసుకున్నది ఒక్క పుస్తకమైతే పదకొండు అడుగుతారేమిటని ఒక టైలరు పోట్లాటకి దిగాడు. ఇన్నిసార్లు అడిగారంటే ఇక ఇంటికి మనుషుల్ని పంపడమే తరువాయి అని ఒక టీచరమ్మ హడలిపోయి, ఆ మాట వీధంతా చెప్పింది. ఇంకేముంది, లైబ్రరీ ముందు బారు! మంచం కోడు కింద ఎత్తు కోసం పెట్టుకున్న నిఘంటువు కూడా తిరిగొచ్చింది.

"అమ్మాయ్, కొంప మునిగింది! జనం మీద పడుతున్నారు!" లైబ్రేరియన్ గారు కోడలికి ఫోన్ చేశారు.

"ఎన్నిసార్లు నొక్కారత్తయ్యా?"

"పదకొండు."

"అయ్యో! ఒకసారి నొక్కాక ఆ బటన్ ఇక పనిచేయకుండా ఆపాలి. మర్చిపోయాను. తప్పు నాదే, వస్తున్నా ఉండండి."

కోడలు వచ్చేసరికి తనిఖీ అధికారి కూడా దిగారు. బల్ల మీది గుట్టల్ని లెక్కపెట్టించారు. నూట పదకొండు.

"ఒక్కటి తగ్గింది," అన్నారు లైబ్రేరియన్ గారు.

అధికారి అటూ ఇటూ చూసి, మెల్లగా తన బ్యాగు తెరిచి ఒక పుస్తకం తీశారు. "తొమ్మిదేళ్లయింది మేడమ్, ఏమీ అనుకోకండి. పొద్దున్నుంచీ ఒకటే మెసేజ్‌లు. ఎవరావిడ అని ఇంట్లో నన్ను నిలదీస్తున్నారు."

సంతోషం పట్టలేక ఆవిడకి కళ్లనీళ్లు తిరిగాయి. కోడలు కీబోర్డు ముందు కూర్చోబోయింది. "ఆ బటన్ సంగతి ఇప్పుడే చూస్తానత్తయ్యా."

"దాని జోలికెళ్లావంటే ఊరుకోను!"

సాయంత్రం అధికారి నివేదికలో ఒకే వాక్యం రాశారు: "గడువు గుర్తుచేయడంలో ఈ గ్రంథాలయ సిబ్బంది పట్టుదల ప్రశంసనీయం."