బావగారిని పండితుణ్ణి చేసిన గొయ్యి

వీధుల్లో గోతులు పూడ్చమని అర్జీలు పెట్టే మహానుభావులారా, మీకు చదువు మీద ఇంత పగ ఎందుకండీ? గొయ్యంటే విశ్వవిద్యాలయం! కాదంటారా? అయితే మా బావగారి సంగతి వినండి.

బావగారు బ్యాంకులో క్యాషియరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ వీధిలో నిటారుగానే నడిచారు. ఏం లాభం? ఒక్క కొత్త విషయం తెలిసిందా? మొన్నామధ్య ఇంటిముందు గోతిలో కాలు దిగబడి బోర్లా పడ్డారు. ముక్కు వెళ్లి ఫుట్‌పాత్ అంచు రాయికి ఆనింది. ఆ రాయి మీద ఏదో చెక్కి ఉంది. ఒక సున్నా, దాని కింద మూడు గీతలు, పక్కన కాకి పాదం లాంటిది!

లేవదీద్దామని పరుగెత్తిన మమ్మల్ని ఆయన కసిరారు. ముందు భూతద్దం తెమ్మన్నారు.

మర్నాటికి వీధి వీధంతా ఫుట్‌పాత్ మీద బోర్లా పడుకుని ఉంది. దర్జీ అవి జాకెట్టు కొలతలన్నాడు. పళ్ల డాక్టరు అది దవడ పన్నని తేల్చేశాడు. బావగారు మాత్రం అది రాజముద్రేనని, నిధి ఇంకెంతో దూరం లేదని కన్నతల్లి మీద ఒట్టేశారు.

పాపం, ఆ కన్నతల్లి! అత్తయ్యగారికున్న ఒకే ఒక్క సరదా, సాయంత్రం చేతికర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడిచి, చెల్లెలితో నాలుగు మాటలాడి రావడం. కొడుకు పడిన దగ్గర్నుంచి మా అక్క ఆవిడని గడప దాటనివ్వడం లేదు. గొయ్యి పూడిస్తే చాలని అక్క గోల. పూడిస్తే పరిశోధన ఏం కావాలని బావగారి గోల. చూశారా, మా అక్కది ఎంత సంకుచిత దృష్టో!

ఇలాంటి గుర్తులు ఇంకా ఉండాలని బావగారు ఊరు మీద పడ్డారు. ఉన్నాయి కూడా! పక్క వీధిలో ఒకటి దొరికింది, మోకాలు చెక్కుకుపోయింది. మార్కెట్ దగ్గర ఇంకోటి దొరికింది, మోచెయ్యి వాచింది. పోస్టాఫీసు ముందు దొరికినదానికి కళ్లజోడు సమర్పించుకున్నారు.

కట్టు కడుతూ అక్క తాపీగా అంది. "గుర్తున్న చోటల్లా మీరు పడుతున్నారు. ఇంకా అర్థం కాలేదా? ఇక్కడ కాలవ నోరుంది, చూసి నడవండని పాతకాలం వాళ్లు చెక్కిపెట్టారు."

నిజమే మరి! ఆ నోళ్ల మీద మూతలు ఎప్పుడో మాయమయ్యాయి, గుర్తులు మాత్రం మిగిలాయి.

గొయ్యి గురించి ఎంత మొత్తుకున్నా తొంగిచూడని అధికారులు, రాయి కబురు అందిన గంటలో వాలిపోయారు. దాన్ని పసిపాపలా దుప్పట్లో చుట్టి మ్యూజియానికి పట్టుకెళ్లారు. గొయ్యి కూడా పట్టుకెళ్లండి నాయనా అని అత్తయ్యగారు వరండాలోంచి బతిమాలారు. అది వేరే శాఖట! రాయి పోయిన జాగా కూడా కలిసి గొయ్యి ఇంకాస్త విశాలమైంది.

ఇప్పుడు అత్తయ్యగారి సాయంత్రం నడక మ్యూజియంలోనే. ఆటోలో తీసుకెళ్తున్నాం. చెల్లెలుగారూ అక్కడికే వస్తున్నారు. అద్దంలాంటి నేల, పట్టుకోవడానికి రెయిలింగు! ఊరు మొత్తం మీద గొయ్యి లేని చోటు అదొక్కటే.

నిన్న ఆవిడ ఆ రాయి ముందు ఆగి, గుర్తుని పరీక్షగా చూశారు. చేతికర్రతో చుట్టూ నేలంతా పొడిచి చూసి, కొడుకు వైపు తిరిగారు.

"ఒరేయ్ అబ్బాయ్, ఈ రాయికి మతి పోయినట్టుంది. ఇక్కడ గొయ్యేదీ?"