సెక్రటరీ గారి విరామంలో నాన్న

ఆ రోజు పొద్దున్న ప్లాను చాలా చిన్నది. అక్క మైకు ముందు కూర్చుంటుంది, తమ్ముడు కంప్యూటర్ చూసుకుంటాడు, అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు వచ్చి కాసేపు మాట్లాడి వెళ్ళిపోతారు. దాంతో మేడమెట్ల రేడియో పుట్టేస్తుంది. ఇంటర్నెట్ రేడియోకి టవర్లూ గివర్లూ ఏం అక్కర్లేదు కదా, ఒక మైకు, ఒక ల్యాప్‌టాప్, జనం ఫోన్లో నొక్కడానికి ఒక లింకు, అంతే. కాకపోతే ఒక గది కావాలి. ఇంట్లో పెడదామంటే అక్క "శుభోదయం" అన్న ప్రతిసారీ కుక్కరు కూత వేస్తోంది.

కింద సైకిల్ స్టాండు పక్కన ఖాళీ గది ఒకటుంది. దాని తాళం సెక్రటరీ గారి జేబులో ఉంటుంది. "మొదటి ప్రోగ్రాం నాతోనే చెయ్యండి. నచ్చితే గది మీది, నచ్చకపోతే పాత కుర్చీలకి" అన్నారాయన. అక్క చదువు అయినప్పట్నుంచీ కంటున్న కల మొత్తం ఇప్పుడు ఆయనకి నచ్చడం మీద వేలాడుతోంది. పొద్దున్నే పనికెళ్ళే వాళ్ళ చెవిలో కబుర్లు చెప్పాలి, పాటలు వెయ్యాలి, వాళ్ళు బస్సులో నవ్వుకోవాలి, అదీ ఆ కల.

తమ్ముడు మాత్రం దేనికీ కంగారు పడలేదు, ఎందుకంటే వాడు అన్నీ ముందే ఆలోచించేశాడు.

"అక్కా, నువ్వు మాటలు మర్చిపోయి నాలుగు సెకన్లు ఆగావనుకో, కంప్యూటర్ దానంతటదే ఒక రికార్డింగ్ వేసేస్తుంది. మళ్ళీ నోరు తెరవగానే అది ఆగి నువ్వొస్తావు. రేడియోలో నిశ్శబ్దం ఉండకూడదు."

"నేనెందుకు మర్చిపోతాన్రా?"

"సరే, నాకోసం అనుకో."

ఆ రికార్డింగ్ వేణువు పాట అవ్వాలి. కానీ క్రితం రోజు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి అందులో నాన్న గొంతు పెట్టాడు వాడు, తీసి వేణువు పెట్టడం మర్చిపోయాడు. "నాన్నా, మైకు టెస్ట్ చెయ్యాలి, నీకు ఆగకుండా ఏది వస్తే అది మాట్లాడు" అని అడిగాడు. నాన్నకి ఆగకుండా వచ్చేవి ఒక్కటే, సెక్రటరీ గారి మీద తిట్లు.

సెక్రటరీ గారు ఇస్త్రీ చొక్కాతో ఆ కింది గదిలోకి వచ్చి కూర్చున్నారు. ప్రసారం మొదలైనట్టు ఎర్ర బల్బు వెలిగింది. ఆయనకో అలవాటుంది, ఒక వాక్యం చెప్పి, అది జనానికి బాగా పట్టేదాకా ఆగుతారు. మీటింగుల్లో ఆయన ఆగినప్పుడు జనం ఫోన్లు చూసుకుంటారు, ఆయనేమో ఆలోచనలో పడ్డారనుకుంటారు.

"ఈ పదవి నేను అడిగి తీసుకున్నది కాదమ్మా" అని ఆగారు.

గదిలో అందరూ భక్తిగా ఆ నిశ్శబ్దం విన్నారు. బయట ఫోన్లలో మాత్రం నిశ్శబ్దం లేదు. నాన్న గొంతు వచ్చింది. "ఇంటింటికీ తిరిగి అడుక్కున్నాడండీ. మా ఇంటికైతే రెండుసార్లొచ్చాడు."

"లిఫ్టు చూడండి. నేనొచ్చాకే కదిలింది" అని ఆయన మళ్ళీ ఆగారు.

"మొన్న రెండంతస్తుల మధ్య ఆగిపోతే లోపల నిలబడి పేపరంతా చదివేశాను, వరుడు కావలెను ప్రకటనలతో సహా."

"నీళ్ళ విషయంలో నేనెవరి మాటా వినలేదు."

"ట్యాంకు పొంగి పొర్లుతుంటే వాన పడుతోందని కిటికీలు మూయించాడు మహానుభావుడు."

గదిలో ఎవరికీ ఇదేం తెలీదు. ప్రసారం బయటికెళ్ళడానికి కొంచెం ఆలస్యమవుతుంది, తన మాటే తనకి వెనకాల వినపడితే తికమక పడతారని తమ్ముడు హెడ్‌ఫోన్లలో మైకు మాత్రమే పెట్టాడు. వాళ్ళకి కనపడేదల్లా వినేవాళ్ళ లెక్క. మొదట అమ్మ ఒక్కతే. తర్వాత పది మంది. చూస్తుండగానే వంద దాటేసింది.

"సార్, వంద మంది వింటున్నారు" అంది అక్క, కుర్చీలో నిలబడలేక కూర్చోలేక.

"వింటారమ్మా. అనుభవం మాట్లాడుతోంది కదా" అని సెక్రటరీ గారు ఇంకా ఎక్కువసేపు ఆగడం మొదలుపెట్టారు.

పైన ఇంట్లో నాన్న గడ్డం గీసుకుంటున్నాడు. వంటింట్లోంచి తన గొంతు వినపడింది.

"ఏవండీ, మీరు చక్కగా మాట్లాడుతున్నారే. నాతో ఒక్క ముక్క చెప్పలేదు, ఎప్పుడెళ్ళొచ్చారు?" అంది అమ్మ ఫోను చూపిస్తూ.

నాన్న రేజరు అక్కడే పడేశాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో మెట్లన్నీ దిగేశాడు.

గది తలుపుకున్న చిన్న అద్దంలోంచి నాన్న మొహం కనపడగానే అక్కకి కళ్ళు చెమర్చాయి. పాపం, గడ్డం కూడా సగంలో వదిలేసి వచ్చేశాడు నాన్న, ఎంత సంబరమో. నాన్న ఆపెయ్యమని పీక మీద చెయ్యి అడ్డంగా గీశాడు.

"మీ నాన్నగారికి గొంతు బాలేనట్టుంది" అన్నారు సెక్రటరీ గారు జాలిగా.

నాన్న రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టబోయాడు. సౌండు పెంచమంటున్నాడనుకుని తమ్ముడు పెంచేశాడు.

"మా ఆవిడ కూడా అంటుంది, నేను ఇంట్లో కంటే మీటింగుల్లోనే ఎక్కువ ఉంటానని" అని ఆగారాయన.

"పాపం, ఆవిడకి ఆ కాసేపే ప్రశాంతత."

ఈ పాటికి సైకిల్ స్టాండు నిండిపోయింది. జనం ఫోన్లు పట్టుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుతున్నారు. సెక్రటరీ గారు అద్దంలోంచి చూసి చెయ్యి ఊపారు. ఇంకో అంశం ఎత్తుకోబోయారు, చెత్తబుట్టల గురించి. చెత్తబుట్టల గురించి తనేం మాట్లాడాడో నాన్నకి బాగా గుర్తుంది. పక్కనే మీటరు బోర్డుంటే ఒక్క ఉదుటున వెళ్ళి మెయిన్ స్విచ్ దించేశాడు.

గదిలో ఫ్యాను ఆగింది, బల్బు ఆరింది, కరెంటు మీద నడిచే మైకు చచ్చిపోయింది. ల్యాప్‌టాప్‌కి మాత్రం బ్యాటరీ ఉంది, నెట్టు తమ్ముడి ఫోన్‌ది. అంటే ఇప్పుడు నిశ్శబ్దమే నిశ్శబ్దం, కాబట్టి నాన్నే నాన్న, మధ్యలో అడ్డొచ్చేవాళ్ళు లేకుండా.

చెమటలు తుడుచుకుంటూ ముగ్గురూ బయటికొచ్చారు. అక్కడ ప్రతి ఫోనులోంచీ చెత్తబుట్టలు, పార్కింగు, మీటింగులో ఆవులించిన వాళ్ళ పేర్లు ఆయన రాసుకోవడం, ఒకటి తర్వాత ఒకటి వరసగా వస్తున్నాయి. తమ్ముడు వేణువు గుర్తొచ్చి నేల చూపులు చూశాడు. అక్కకి పాత కుర్చీలన్నీ తన గదిలోకి నడిచొస్తున్నట్టు అనిపించింది. నాన్న చెయ్యి ఇంకా స్విచ్ మీదే ఉంది, నురగ ఎండిపోతోంది.

సెక్రటరీ గారి మొహం కందగడ్డలా అయింది. సరిగ్గా అప్పుడే వాళ్ళావిడ జనంలోంచి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. ఏడుపు కాదు, నవ్వు.

"పెళ్ళయ్యాక ఇంత నవ్వలేదండీ. మిమ్మల్ని మీరే ఇలా తిట్టించుకోవాలంటే ఎంత పెద్ద మనసుండాలి" అంది.

"అదే కదా ఆంటీ, సార్ ఇంత సరదా మనిషని మాకేం తెలుసు" అన్నాడు మూడో అంతస్తు డాక్టరు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, మిగతా అందరూ అందుకున్నారు.

సెక్రటరీ గారు ఆగారు. ఆయన జీవితంలో నిజంగా ఆలోచిస్తూ ఆగడం అదే మొదటిసారి అయ్యుంటుంది. చొక్కా సర్దుకున్నారు.

"ఇదంతా మేమిద్దరం ముందే అనుకుని చేసిందే" అన్నారు నాన్న భుజం మీద చెయ్యేసి. "ఏవండీ?"

"ఆ... అవునండీ" అన్నాడు నాన్న, స్విచ్ పైకెత్తుతూ.

"గది స్టేషనుకే ఇస్తున్నాను. రోజూ పొద్దున్న మా ఇద్దరి ప్రోగ్రామే."

"నాకు ఆఫీసుందండీ."

"తిట్టడానికి తీరిక దొరికింది కదా, దీనికీ దొరుకుతుంది."

అలా మేడమెట్ల రేడియోకి గది వచ్చింది, వేల మంది శ్రోతలొచ్చారు, పనికెళ్ళే వాళ్ళు బస్సుల్లో నిజంగానే నవ్వుకుంటున్నారు. ఆ ప్రోగ్రాం మధ్యలో అక్క కబుర్లకి ఎప్పుడైనా కాస్త ఖాళీ ఉంటే సెక్రటరీ గారే కబురు చేస్తానన్నారు.